కిటికీలోంచి చెప్పిన ప్రోగ్రాం

పాత కంప్యూటర్ ఒకటి కొంటానంటే మా ఆయన ముందు నవ్వారు. నిజంగానే కొంటున్నానని తెలిశాక నవ్వడం మానేసి, "ఇంట్లో రెండు ల్యాప్‌టాప్‌లు మూలన పడి ఉన్నాయి, అవి చాలవా నీకు?" అన్నారు. చాలవు. నాకు కావలసింది ఆ కాలం నాటిది. కీబోర్డే కంప్యూటర్‌గా ఉండి, టీవీకి తగిలిస్తే గానీ ఏమీ చూపించనిది, కరెంటు పోతే అప్పటిదాకా కొట్టినదంతా మరిచిపోయేది. ఏ కంపెనీదో చెప్పను, అనవసరం. నేను ఇంటర్ చదివే రోజుల్లో పామర్రులో మా ఇంట్లో సరిగ్గా అలాంటిదే ఉండేది. దాని కోసం నేనొక ప్రోగ్రాం రాశాను. అది పనిచేసేదా చెయ్యనిదా అన్నది నాకు తెలియకుండానే జీవితంలో ముప్పాతిక వంతు గడిచిపోయింది. రిటైరైన మనిషికి తెలుసుకోవాల్సినవి వేరే లేవా అంటే, లేవు. నాకిది ఒక్కటే మిగిలింది.

మైలవరంలో ఒకాయన అమ్ముతానని ఆన్‌లైన్‌లో ఫొటో పెట్టారు. ఫోన్ చేస్తే, "పనిచేస్తదో లేదో తెలీదండీ. మా నాన్నగారు కొన్నది. కానీ చాలా జాగ్రత్తగా ఉంచామండీ, ఏనాడూ అశ్రద్ధ చెయ్యలేదు," అన్నారు. బస్సులో వెళ్ళి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి మూట విప్పాక గానీ ఆ జాగ్రత్త ఎలాంటిదో నాకు అర్థం కాలేదు.

కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇంకా దాని మీదే ఉంది. పసుపుపచ్చగా మారి, అప్పడంలా పెళుసెక్కి, చెమ్మకి అక్కడక్కడా ఒంటికి అంటుకుపోయింది. మీటల దగ్గర మాత్రం కవరు కోసి, ఆ పైన వరసగా గంధం బొట్లు, వాటి మీద కుంకుమ. ఏ దసరాకి ఆ దసరా తుడవకుండా పెట్టుకుంటూ పోయినట్టున్నారు, బొట్టు మీద బొట్టు మందంగా పేరుకుపోయింది. మీటల సందుల్లో అక్షింతలు. తలకిందులు చేసి దులిపితే ఎండిపోయిన బంతి రేకలు రాలాయి. కొన్న దగ్గర్నుంచీ దాన్ని వాడినవాళ్ళు ఎవరైనా ఉన్నారో లేదో గానీ, పూజ చేసినవాళ్ళకి మాత్రం లోటు లేదు.

చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఆ మైలవరం వాళ్ళ మీద కాదు, వాళ్ళెవరో నాకు తెలీదు. మా ఇంట్లో కూడా ఇదే జరిగింది.

మా నాన్నకి రైసుమిల్లు ఉండేది. ఏదో పని మీద మద్రాసు వెళ్ళినప్పుడు, రాబోయేదంతా కంప్యూటర్లదేనని ఎవరో చెబితే, వెంటనే ఒకటి కొనుక్కొచ్చారు. అన్నయ్య కోసం. అన్నయ్య అప్పుడే ఇంజనీరింగులో చేరాడు. సెలవుల్లో వచ్చినప్పుడు నాలుగు సాయంత్రాలు దాని మీద ఏదో ఆట ఆడి, బోరు కొట్టి వదిలేశాడు. దాంతో పాటు ఇచ్చిన పుస్తకం పట్టుకుని కూర్చున్నది నేను. నన్నెవరూ కూర్చోమనలేదు, వద్దనీ అనలేదు. నాన్నకి అది ఇంట్లో ఉండటమే గొప్ప, ఎవరు వాడుతున్నారన్నది పట్టలేదు. వచ్చినవాళ్ళకి కవరు ఎత్తి చూపించి మళ్ళీ కప్పేవారు.

కొట్టిన ప్రోగ్రాంని దాచుకోవాలంటే క్యాసెట్‌లోకి ఎక్కించాలి. మా ఇంట్లో ఉన్న ఒక్క టేప్‌రికార్డర్ మిల్లు ఆఫీసులో పాటలు వినడానికి ఉండేది. పాటలు ఆపి దాన్ని ఇంటికి పంపమని అడిగితే నాన్న నన్ను వింతగా చూశారు. అందుకని స్విచ్ ఆపిన ప్రతిసారీ నా ప్రోగ్రాం పోయేది, మళ్ళీ మొదటి లైను నుంచీ కొట్టుకునేదాన్ని. అలా కొట్టీ కొట్టీ అది నాకు నోటికి వచ్చేసింది. ఈరోజుకి కూడా నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఇంతకీ ఆ ప్రోగ్రాం చేసేది ముగ్గు వెయ్యడం. చుక్కలు పెట్టి, వాటి చుట్టూ గీత మెలికలు తిరిగే ముగ్గు. పొద్దున్నే వాకిట్లో ఆ పని నాకే ఉండేది, నడుం పడిపోయేది. క్లాసులో సైన్, కాస్ చెబుతుంటే నాకు ఆ మెలికలే గుర్తొచ్చాయి. చుక్కల లెక్క తెలిస్తే, గీత ఎక్కడ వంగాలో లెక్క కట్టొచ్చు. కష్టమంతా చివర్లో ఉంది. మెలికల ముగ్గులో గీత మొదలైన చోటికే వచ్చి కలవాలి, కలవకపోతే అది ముగ్గు కాదు. నా గీత ఎక్కడో ఒకచోట పక్కకి తప్పుకుని తెర అంచుకి పోయేది. వారాల తరబడి దానితో కుస్తీ పట్టాను.

ఇది నాన్న చెవిన పడింది. ఆయన దుర్మార్గుడు కాదు. భోజనాల దగ్గర అందరూ ఉండగా, "దసరా నాడు పూజయ్యాక చుట్టాలందరి ముందూ వేసి చూపించు. అది గనక పనిచేస్తే ఇంటరయ్యాక నిన్ను విజయవాడలో కంప్యూటర్ కోర్సులో చేరుస్తాను. హాస్టల్లో పెడతాను. పనిచెయ్యకపోతే ఇక్కడే డిగ్రీ చదువుకో, ఇది మీ అన్న పట్టుకుపోతాడు," అన్నారు. మా ఇంట్లో ఆడపిల్లకి అంతమాట ఇచ్చినవాళ్ళు అంతకుముందు లేరు. నాకు అన్నం సయించలేదు.

దసరాకి మా ఇంట్లో యంత్రాలన్నిటికీ పూజ. మిల్లులో మోటారుకి, ట్రాక్టరుకి, స్కూటరుకి, అమ్మ కుట్టుమిషనుకి. ఆ ఏడు కంప్యూటర్ కూడా వరసలో చేరింది. ముందు రోజు పొద్దున్నే నాయనమ్మ దాన్ని తుడిపించి దేవుడి గదిలో పెట్టించింది. గీత కలిసే కిటుకు నాకు సరిగ్గా ఆ సాయంత్రమే తట్టింది. ఒక్క గుర్తు మార్చాలి, ఒక్క లైను కలపాలి, అంతే. కానీ కంప్యూటర్ పీట మీదికి ఎక్కేసింది, పూజయ్యేదాకా కదిలించకూడదన్నారు. రేపు ఎలాగూ అందరి ముందూ కొడతాను కదా అనుకున్నాను.

పండగ రోజు తెల్లారేసరికి నేను బయట చేరాను.

మామూలు రోజుల్లో మా ఇంట్లో అంత పట్టింపు ఉండేది కాదు. వంటింట్లోకి రాకపోతే చాలు, పుస్తకాలు ముట్టుకోవచ్చు, ఆ కంప్యూటరూ ముట్టుకునేదాన్ని. కానీ పూజ చేసిన వస్తువు అంటే నాయనమ్మ ఊరుకోదు. "నిన్నటిదాకా అది సామానే. ఇవాళ దానికి బొట్టు పెట్టాం, హారతిచ్చాం. నువ్వు ముట్టుకుంటే ఇంటికి అరిష్టం," అంది. అమ్మ వైపు చూశాను. అమ్మ పులిహోర కలుపుతూ తల ఎత్తలేదు. నాన్నకి చెబుదామంటే ఆడవాళ్ళ సంగతులు ఆయన దగ్గర మాట్లాడే అలవాటు మా ఇంట్లో లేదు. ఆయనకి ఎవరు చెప్పారో తెలీదు గానీ, "అయితే పిల్లని వరండాలో కూర్చుని చెప్పమనండి, వాళ్ళన్న కొడతాడు," అన్నారు. అది ఆయన చేసిన న్యాయం.

పూజయ్యాక కంప్యూటర్‌ని హాల్లోకి తెచ్చి టీవీకి తగిలించారు. టీవీ కిటికీకి ఎదురుగా అవతలి గోడ దగ్గర ఉంది, దాని ముందు చుట్టాలు మూగారు. నేను వరండాలో చాప మీద కూర్చుని కిటికీ ఊచల్లోంచి చెప్పడం మొదలుపెట్టాను. చుట్టాల వీపులు తప్ప నాకేమీ కనపడలేదు. ఒక్కో లైనూ చెబుతున్నాను, ఎక్కడ కామా పెట్టాలో, ఎక్కడ బ్రాకెట్ పెట్టాలో. లోపలి నుంచి మీటల చప్పుడు వినపడేది. "ఆఁ, తరవాత," అనేవాడు అన్నయ్య. పిల్లలు అరుస్తున్నారు, ఎవరో నవ్వుతున్నారు, గొంతు పెంచి చెప్పాను. చివరి లైను చెప్పి, రన్ కొట్టమన్నాను.

తరవాత అన్నయ్య గొంతు వినపడింది. "తప్పని వచ్చింది నాన్నా."

ఏ లైనులో అని అరిచాను. కుర్చీలు జరిపిన చప్పుడు. "సరేలే, ఇవన్నీ దానికెందుకు, భోజనాలకి లేవండి," అన్నారు నాన్న. ఆయన గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. నాకు వరండాలోనే విస్తరి వేశారు.

నాలుగోనాడు నేను తలస్నానం చేసి లోపలికొచ్చేసరికి కంప్యూటర్ అట్టపెట్టెలో ఉంది, అన్నయ్య బట్టల పక్కన. ఏ లైనులో తప్పొచ్చిందని అడిగితే గుర్తులేదన్నాడు. ఒక్కసారి విప్పి చూస్తానంటే బస్సుకి టైమైందన్నాడు. నాన్నని అడగొచ్చు. అడిగి, ఇంకోసారి పనిచెయ్యకపోతే? నాకు ధైర్యం చాలలేదు.

డిగ్రీ అక్కడే చదివాను. లెక్కలు. తరవాత విజయవాడలో జూనియర్ కాలేజీలో ఏళ్ళ తరబడి అదే సైన్, అదే కాస్ బోర్డు మీద రాశాను. ఆ కోర్సులో చేరి ఉంటే ఏదో అయిపోయేదాన్నని నేననను. అలా అనుకుని కుమిలే తీరిక కూడా నాకు దొరకలేదు. నన్ను తినేసింది వేరే. తప్పు నాదా, అన్నయ్యదా? నాదైతే నాన్న చేసింది సబబే, నా తెలివి అంతవరకే. అన్నయ్యదైతే, ఒక్క కామా సరిగ్గా కొట్టని మనిషి వల్ల నా బతుకు పక్కకి తప్పుకుంది. కొన్నాళ్ళు తప్పు నాదే అనిపించేది, అప్పుడు తలొంచుకుని పని చేసుకునేదాన్ని. కొన్నాళ్ళు అన్నయ్యదే అనిపించేది, అప్పుడు తనింట్లో శుభకార్యానికి వెళ్ళినా ముఖం ఇచ్చి మాట్లాడలేకపోయేదాన్ని. మా వదిన నన్ను పొగరుమోతు అనుకుంటుంది. అనుకోనీ.

నాన్న పోయారు, నాయనమ్మ ఎప్పుడో పోయింది. అన్నయ్య ఆనాడే గుర్తులేదన్నాడు, ఇక అడగడానికి మనుషులు లేరు. ప్రోగ్రాం మాత్రం నా నోట్లో ఉంది. కొట్టి చూడటానికి అలాంటి కంప్యూటర్ ఉంటే చాలు. అందుకే మైలవరం వెళ్ళాను.

మిగతాది మరమ్మతు. దాని గురించి గొప్పలు చెప్పుకోవడానికేం లేదు, వీడియోలు చూసి నేర్చుకున్నాను, చేతులు కాల్చుకున్నాను. ముందు అడాప్టర్‌ని కంప్యూటర్‌కి తగిలించకుండా మీటరుతో చూస్తే వోల్టేజి అడ్డదిడ్డంగా వస్తోంది. విప్పితే లోపల కెపాసిటర్లు ఉబ్బిపోయి ఉన్నాయి. కొత్తవి తెచ్చి టంకం పెట్టాను. తరవాత టీవీ. మా ఇంట్లో గోడకున్న పల్చటి టీవీకి ఆ పాత వైరు గుచ్చే చోటే లేదు. కింది వాటాలో ఆవిడ దగ్గర డబ్బా టీవీ ఉంది, దాని మీద కృష్ణుడి బొమ్మ పెట్టుకున్నారు. బొమ్మని వేరే బల్ల మీదికి మార్చి టీవీ ఇప్పించమంటే, "పాతకాలం బుద్ధులు పుట్టాయేంటండీ మీకు," అంటూనే ఇచ్చారు.

స్విచ్ వేస్తే తెర నిండా చీమలు. ఛానెల్ నాబ్ తిప్పగా తిప్పగా నల్లటి తెర వచ్చింది, దాని నిండా అర్థంపర్థం లేని అక్షరాలు. అంటే ప్రాణం ఉంది, మతి లేదు. మూత విప్పాను. కవరు కింద ఇన్నేళ్ళూ చెమ్మ నిలవుండి చిప్పుల కాళ్ళు పచ్చగా చిలుం పట్టాయి. ఒక్కొక్క చిప్పునీ జాగ్రత్తగా పైకి లేపి, కాళ్ళని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్ళీ గుచ్చాను. ఎవరూ తాకకూడదని కప్పిన కవరే దాన్ని తినేసింది. ఇంత భక్తి లేకపోతే బాగుపడేది, కాస్త దుమ్ము పట్టినా. ఆ మూడోనాటికో నాలుగోనాటికో, పొద్దున మా ఆయన రైతుబజారుకి వెళ్ళినప్పుడు, తెర మీద ఒక్క గుర్తు వచ్చి మిణుకుమిణుకుమంటూ నిలబడింది. దానికి మతి వచ్చింది.

తలుపు గడియ పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో తెలీదు, ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. తెర వైపు చూడకుండా, నోటితో చెప్పుకుంటూ మొదటి లైను నుంచీ కొట్టుకుంటూ పోయాను. ఆ సాయంత్రం తట్టిన కిటుకుతో సహా. రన్ కొట్టాను.

తప్పని వచ్చింది.

అయితే తప్పు నాదే అన్నమాట. నాన్న నోట ఆ "సరేలే" ఇప్పుడే విన్నట్టుంది. ఆపేద్దామని చెయ్యి స్విచ్ దాకా వెళ్ళింది. ఆపేసేముందు, లెక్కల టీచర్ని కదా, కనీసం ఎక్కడ తప్పిందో చూడాలనిపించింది. ఆ లైనుని తెర మీదికి తెప్పించాను. చుక్క పెట్టే చోట రెండు అంకెలుండాలి, మధ్యలో కామా. అంకెలు రెండూ అంటుకుపోయి ఉన్నాయి. కామా లేదు.

నేను కొట్టాను. నా వేలికి గుర్తుంది. మళ్ళీ కామా మీట నొక్కాను, రాలేదు. గట్టిగా నొక్కితే వచ్చింది, ఇంకోసారి నొక్కితే రాలేదు. మీట పైటోపీ ఊడబెరికాను. కింద కుంకుమ, గంధం కలిసి కరుడుగట్టి గూడు కట్టుకున్నాయి. పైన ఎంత తుడిచినా లోపలికి దిగినది అలాగే ఉండిపోయింది. స్పిరిట్‌లో దూది ముంచి, సూదితో గీకి, ఎరుపు రాకుండా అయ్యేదాకా తుడిచాను. ఆ లైను మళ్ళీ కొట్టాను. రన్.

చుక్కలు పడ్డాయి. గీత మొదలైంది, నెమ్మదిగా, ఎంత నెమ్మదంటే ఒక్కో వంపుకీ ఊపిరి బిగబట్టాను. చుక్క చుట్టూ తిరిగి, కిందికి దిగి, అవతలి చుక్కని చుట్టి, ఎప్పుడూ పక్కకి తప్పుకునే చోట తప్పుకోకుండా వంగి, మొదలైన చోటికి వచ్చి కలిసింది. నా ప్రోగ్రాం పనిచేసింది. ఏడుస్తాననుకున్నాను, ఏడుపు రాలేదు. పదహారేళ్ళ పిల్ల, టేప్‌రికార్డర్ కూడా లేని పిల్ల, అంత లెక్క ఒక్కతే కట్టింది. దాన్ని గర్వం అంటారో కోపం అంటారో, నా ఒళ్ళంతా వేడెక్కిపోయింది.

ఆ తరవాత అన్నయ్య గుర్తొచ్చాడు. ఆ రోజు మా కంప్యూటర్‌కి కూడా పూజ అయిన మరుక్షణమే కదా కొట్టింది. నాయనమ్మ చేత్తో బొట్టు పెట్టిందంటే చారెడు కుంకుమ రాలాల్సిందే. కామా పడి ఉండదు. అన్నయ్య నేను చెప్పింది చెప్పినట్టే కొట్టి ఉంటాడు, మీట మొరాయించి ఉంటుంది. అంటే తప్పు నాదీ కాదు, తనదీ కాదు. నా గుండెల మీంచి ఏదో దిగినట్టయింది. ఇన్నేళ్ళు తన మీద పెట్టుకున్న కోపం దించేసుకోవాలనిపించింది, ఇప్పుడే, మధ్యాహ్నం దాకా కూడా ఆగకుండా.

అన్నయ్యకి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు. ఇంజనీరింగు సగంలో మానేశాడు, వ్యాపారం కలిసొచ్చింది. ఫోన్ ఎత్తగానే వెనక సుత్తి దెబ్బలు వినపడ్డాయి.

"ఏంటమ్మా, పొద్దున్నే చేశావు. అంతా బానే ఉన్నారుగా?"

"బానే ఉన్నాం అన్నయ్యా. పామర్రులో మనకో కంప్యూటర్ ఉండేది, గుర్తుందా?"

"ఉండేది. హాస్టల్లో ఎవడికో ఇచ్చేశాను. ఏం?"

అంతా చెప్పాను. మైలవరం, కుంకుమ, కామా, ముగ్గు. ఆ దసరా నాడు నువ్వు కొట్టినప్పుడు తప్పని వచ్చింది చూడు, అది నీ తప్పు కాదు అన్నయ్యా, మీట పనిచేసి ఉండదు, నువ్వు సరిగ్గానే కొట్టావు అన్నాను. తనకి ఎంతో ఇస్తున్నాననుకున్నాను.

అన్నయ్య నవ్వాడు.

"నువ్వింకా దాన్ని పట్టుకుని కూర్చున్నావా? అదంతా ఎవడు కొట్టాడే. మావాళ్ళు స్కూటరేసుకుని గేటు దగ్గరున్నారు, సినిమాకని. నువ్వేమో కిటికీలోంచి ఒకటే చెప్పడం. తెమిలేట్టు లేదని చేతికొచ్చినవి టకటకా కొట్టేశాను. ఇంగ్లీషులో ఏదో తప్పని వచ్చింది, నాన్నకి చూపించి లేచిపోయాను."

తెర మీద ముగ్గు వైపు చూశాను.

"ఏం సినిమానో కూడా గుర్తులేదు," అన్నాడు. "ఆదివారం బావని తీసుకుని రా, మీ వదిన చేపల పులుసు పెడుతుంది. ఎన్నాళ్ళయిందో నువ్వొచ్చి."

వస్తానన్నాను. అది కూడా ఎప్పటిలాగే అన్నాను. ఫోన్ పెట్టేశాక లేవబుద్ధి కాలేదు. తప్పు నాదా తనదా అని ఇన్నేళ్ళు తూచుకుంటూ బతికాను, ఒక్కోసారి నన్ను, ఒక్కోసారి తనని క్షమించుకుంటూ. తూచడానికి అసలేమీ లేదు. ఆ పండగ రోజు నేను వరండాలో కూర్చుని గొంతు పోయేలా ఒక్కో లైనూ చెబుతున్నంతసేపూ, లోపల నా మాట వింటున్నవాళ్ళు ఒక్కరు కూడా లేరు.